లెక్కకెక్కని వడ్రంగి పిట్ట

ఇల్లందు,
6 ఫిబ్రవరి 2025

తమ్ముడు బొజ్జయ్యకు పగిడయ్య అన్న ప్రేమతో రాసేది. మీ ఇంటిల్లిపాది, మేకలు, మీ అడవి పిట్టలు అన్నీ సల్లగుండాలె. ఇక్కడ నేను, మీ వదిన కొండమ్మ బాగనే ఉన్నం.

నెల రోజులాయె, ఫోన్ చేస్తే ఎత్తవు. అందుకే ఉత్తరం. దీన్ని కట్ చేసుడు నీ వశం కాదు.

మొన్న ఖమ్మం పోయి పిట్టల కోసం కెమెరా కొన్న. షాపాయన ముందుగాల లెన్సు విప్పి మార్చే కెమెరా చూపిచ్చిండు. దాని గొట్టం నా ముంజేతికన్న పెద్దగుంది. ముప్పై ఏండ్లు బొగ్గు బాయిల మోసింది చాలదా, మళ్ల గిదేం బరువు నాయనా అన్న. నవ్వి, లెన్సు కెమెరాకే అతికి ఉండే తేలికవి రెండు తీసిండు. ఒకటి జూమ్ తక్కువ గని చెట్ల నీడల బొమ్మ సాఫ్‌గ వస్తది. ఇంకోటి నీడల జర మసక గని జూమ్ బాగ ఎక్కువ. మనం తిరిగేదే నీడల, నువ్వుంటే మొదటిదే తీస్కోమందువు. నేను ఎక్కువ జూమ్‌దే తీస్కున్న. షాపు ఎదురుంగ సెల్ టవర్ మీద గద్ద కూసుంటే, దాని కన్ను స్క్రీన్ నిండ కనపడ్డది. జూమ్ మొత్తం గుంజితే మాత్రం చెయ్యి వణికి గద్ద స్క్రీన్ బయటికి ఉరికింది. చెయ్యి ఆనిచ్చుకోను నీ భుజం కావాలె.

అసలు సంగతికొస్త. పోయిన నెల అడవిల పక్షుల లెక్క పెట్టినప్పుడు గూడ ఎప్పటిలెక్కనే నువ్వు పేరు చెప్పుడు, నేను చూసి రాసుడు. నేను చూడంది కాయితం ఎక్కియ్య. నువ్వు టేకు చెట్టు చూపిచ్చి, పెద్ద నల్ల వడ్రంగి పిట్ట అన్నవు. మనెంట లెక్కకొచ్చిన కాలేజీ పిల్లలందరి ముందు నేను, "లేని పిట్టను రాయ బొజ్జయ్యా" అన్న. నువ్వు ఆడికెల్లే ఇంటికి పోయినవు. పన్నెండేండ్లు కలిసి తిరిగినోణ్ని గట్ల అంటరా? తప్పు నాదే. నువ్వు లేక అడవికి పోబుద్ధి అయితలేదు, కెమెరా డబ్బలనే ఉంది.

ఆదివారం మళ్ల లెక్క ఉంది. మొదటి బస్సుకొచ్చి నీ వాకిట్ల కూసుంట. నాతోని వస్తవో, ఎల్లగొడ్తవో నీ ఇష్టం.

నీకు కోపమొచ్చినా నీ అన్ననే,
పగిడయ్య

తా.క. పైన రాసింది సగమే. కెమెరా కొన్న దినమే కంటి దవాఖానాకు గూడ పోయిన. రెండు కండ్లల్ల శుక్లాలంట. ఆ దినం నాకు పిట్టే కాదు, అది కూసున్న కొమ్మ గూడ కనపడలే. ఒప్పుకుంటే మళ్ల లెక్కకు రానియ్యరని భయపడి, నిన్ను అబద్ధాలోణ్ని చేసిన. నిన్న లెక్క పెట్టిచ్చేటోళ్లకు ఫోన్ చేసి చెప్పిన, పిట్ట ఉండె, నా కండ్లే లేకుండె, బొజ్జయ్య పేరు మీద రాసుకోండ్రి అని. మీ వదినకు ఇంకా చెప్పలే. ముందు నీకే చెప్పాలనిపిచ్చింది.