పదిహేడో పేజీ

చేవెళ్ల,
20 నవంబర్ 2025, గురువారం.

ప్రియమైన సింధుజకు,

లిదియా రాస్తున్నది. ముందు అవతలి వాళ్ళ క్షేమం అడిగి, తర్వాత మన క్షేమం చెప్పి, అప్పుడు విషయానికి రావాలని కాన్వెంట్‌లో సిస్టర్ నేర్పింది. నువ్వు క్షేమంగా ఉండాలని రోజూ ప్రార్థన చేస్తున్నాను. మా ఇంట్లో అందరూ బాగున్నారు. ఇంతవరకు పద్ధతి ప్రకారమే రాశాను.

నా నంబరును బ్లాక్ చేశావు. చేయాల్సిందే. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీనితోపాటు నీ రెండో హెల్మెట్ పంపుతున్నాను. శనివారం నన్ను దింపేసి వెళ్ళినప్పుడు అది నా తల మీదే ఉండిపోయింది. బండి మీద మనం మాట్లాడుకునే ఇంటర్‌కమ్ దానికే బిగించి ఉంది, విప్పలేదు. మీ గల్లీలో ఉండే, నేను పనిచేసే స్కూలు లెక్కల సార్ రత్నాకర్ గారి చేతికి ఇస్తున్నాను. అట్టపెట్టె అడుగున ఇంటర్‌కమ్ వాడే విధానం రాసిన పుస్తకం ఉంది. నువ్వు చదవవని తెలుసు. అందులో నా పెన్సిల్ గీతలు, చదివినచోట వేసిన తారీఖులు ఉంటాయి.

నువ్వు చదవవు కాబట్టి నేనే చెబుతాను. నువ్వు పెట్టుకునే హెల్మెట్ ఇప్పటికీ దారి కోసం నా ఫోన్‌నే వెతుక్కుంటుంది. పక్కనున్న పెద్ద బటన్‌ను ఎర్ర లైటు, నీలం లైటు మార్చి మార్చి వెలిగేదాకా పట్టుకో. పాతవన్నీ చెరిగిపోతాయి. తర్వాత నీ ఫోన్‌లో బ్లూటూత్ తెరిచి హెల్మెట్ పేరు నొక్కు. మ్యాప్ నడుస్తుండగా కాల్ వస్తే నీ ఫోన్ బిగుసుకుపోతుందనే కదా ఇన్నాళ్ళూ నా ఫోన్ కలిపాం, ఇక మ్యాప్ కోసం మీ డ్రిప్పు పైపుల కంపెనీ వాళ్ళు ఇచ్చిన ఫోన్‌ను రెండోదిగా కలుపు. ఆ రెండో ఫోన్ సెట్టింగులో మాత్రం కాల్స్ అని ఉన్నచోట ఆపెయ్. అప్పుడు దారి చెప్పే గొంతు ఒక్కటే హెల్మెట్‌లోకి వస్తుంది, దానికి వచ్చే కాల్స్ రావు. ఈ ఒక్కటి మర్చిపోకు. నేను మర్చిపోయి చేసిన పొరపాటు అదే.

ఈ ఇంటర్‌కమ్ కొన్న రోజు నువ్వు అన్నది గుర్తుందా? వెనక కూసొని నువ్వు గొణిగేదంత గాలికే పోతున్నదే, నాకు ఇనపడేది నా సైలెన్సర్ ఒక్కటే అన్నావు. నాలుగు నెలలు ప్రతి శనివారం ఒంటిపూట బడి అయ్యాక నీ వెనక కూర్చుని తిరిగాను. గులాబీల షెడ్లు, టమాట తోటలు, అడ్రసు లేని బోర్లు. నువ్వు రైతులతో పైపుల గురించి మాట్లాడేదానివి, నేను గట్టు మీద కూర్చుని నవల చదువుకునేదాన్ని. మళ్ళీ బండెక్కగానే నాకు మాటలొచ్చేవి. ఇద్దరం రోడ్డునే చూస్తుంటాం, నా ముఖం నీకు కనపడదు, నీ గొంతు నా చెవిలో ఉంటుంది. ముఖం చూడకుంటే సాలు లిదీ, నువ్వు రేడియో స్టేషన్‌వే అని నవ్వేదానివి. మా ఇంట్లో నా గొంతు అంతసేపు ఎవరూ వినలేదు.

మా అన్న వరప్రసాద్ మూడేళ్ళు నిన్నే చేసుకుంటానన్నాడు. ఈ నెల ఐదో తారీఖున కొండకల్ నుంచి ఆశా అనే పిల్ల తరఫు వాళ్ళు సంబంధానికి వచ్చారు. వాళ్ళు మా చర్చి వాళ్ళే. అమ్మ అడిగితే అన్న సరేనని తల ఊపాడు. ఆ రాత్రి నా దగ్గరికొచ్చి, నువ్వే చెప్పు చెల్లె, నీ దోస్తే గద, నేను చెప్తే కొడతది అన్నాడు. చెంప తడుముకుంటూ కాస్త నవ్వాడు కూడా. నాతోని కాదన్నా అన్నాను. అప్పటికే అటు తిరిగాడు.

ఎనిమిదో తారీఖున మనం ప్రొద్దుటూరు పోతుంటే చెబుదామనుకున్నాను. చెప్పలేక ఒక నవల కథ చెబుతూ పోయాను. చివరికి ఆ పిల్ల ఏమైతదే అని అడిగావు. ఇంకా చదవలేదన్నాను. చదివాను.

ఇక శనివారం సంగతి. మొయినాబాద్ దాటాక నా ఫోన్‌కు అమ్మ కాల్ వచ్చింది. ఎత్తకపోయినా నాలుగు రింగుల తర్వాత అది నీ హెల్మెట్‌లో తెరుచుకుంది. కాల్ నడిచినంతసేపు మన మాటలు ఆగిపోతాయి కాబట్టి నాకేమీ వినపడలేదు. నా చేతిలో ఫోన్, తెర మీద అమ్మ పేరు, దాని కింద కదులుతున్న నిమిషాలు. కట్ చేయడం నాకు తట్టలేదు. నాలుగు నిమిషాలు నీ వీపునే చూశాను. నీ భుజాలు బిగుసుకున్నాయి.

ఏం విన్నావో ఆ సాయంత్రం అమ్మే చెప్పింది. ఆశా వాళ్ళు ఉంగరం కొలత పంపిండ్రు, వచ్చే ఆదివారం మీ అన్నకు ప్రధానం, నీకు గులాబి రంగు చీర తీసిన అన్నదట. ఆ సింధుజకు మాత్రం చెప్పకు బిడ్డా, పది దినాలకెల్లి కడుపుల పెట్టుకున్నవు, ఇంకొక్క వారం పెట్టుకో, బండేసుకొని ఊర్లు తిరిగే పిల్ల, జర్రంతల మర్చిపోతది అన్నదట. అవతల ఉన్నది నేను కాదని అమ్మకు అనుమానమే రాలేదు. అంతసేపు మాట్లాడితే ఊఁ అనవు, ఆఁ అనవు, గోడతోని మాట్లాడినట్టే ఉంటది నీతోని అని నన్ను తిట్టింది. సింధూ, ఇంకెవరికి చేసిన ఫోన్ అయినా, అవతలున్నది వేరే మనిషని మా అమ్మ మొదటి నిమిషంలోనే పోల్చేది. మౌనంగా ఉన్నావు కాబట్టే నేననుకున్నది.

చిల్కూరు మలుపు దగ్గర బండి ఆపావు. వెనక్కి తిరగకుండానే దిగు అన్నావు. దిగాను. పది రోజులా లిదీ, అని అడిగావు. నేను బ్యాగు పట్టీ సరిచేసుకున్నాను. నువ్వు వెళ్ళిపోయావు.

నీ హెల్మెట్ దూరం కాగానే నా ఫోన్ తన గొంతుతోనే మాట్లాడడం మొదలుపెట్టింది. రెండు వందల మీటర్ల తర్వాత ఎడమకు తిరగమని, రోడ్డు పక్కన నిలబడిన నాకు గట్టిగా చెప్పింది. దాన్ని ఆపేశాను. అప్పుడు హెల్మెట్‌లో గాలి చప్పుడు, దాని వెనక నీ ఏడుపు వినిపించాయి. ఇంటర్‌కమ్ తెరిచే ఉందని నువ్వు మర్చిపోయావు. ఫోన్ కంటే అది ఎక్కువ దూరం అందుతుంది. నేను ఊపిరి బిగబట్టి విన్నాను. అప్పుడు ఒక్క మాట అన్నా నీకు వినిపించేది. తర్వాత గరగర. తర్వాత ఏమీ లేదు.

మొయినాబాద్ దాకా బిక్షం అనే ఆయన ఆటోలో వచ్చాను. ఏమమ్మా, నా ఆటో మీద గంత నమ్మకం లేదా, హెల్మెట్ పెట్టుకొని ఎక్కినవు అన్నాడు. తీస్తే ముఖం కనపడుతుంది. తీయలేదు.

ఇంటికి వచ్చాక అన్న, చెప్పినవా అని అడిగాడు. తెలిసింది అన్నాను. మంచిగైంది అని, ఆదివారానికి కుట్టించిన చొక్కా తొడిగి చూసుకున్నాడు. చేతులు కాస్త పొడుగయ్యాయని దర్జీ దగ్గరికి వెళ్ళాడు.

నిన్ను మళ్ళీ నా కోసం రమ్మని అడగను. నా పొరపాటు వల్ల నీకు అట్లా తెలిసినందుకు క్షమించమని అడగడానికి ఇంత రాశాను. సాయంత్రం పూట చిల్కూరు రోడ్డులో లైట్లు లేవు, జాగ్రత్తగా నడుపు.

ఇట్లు,
వెనక సీటులో కూర్చునే నీ
లిదియా

తా.క.: పొరపాటు అని పైన రెండుసార్లు రాశాను. పొరపాటు కాదు. నాలుగు నెలలుగా నా ఫోన్‌లో హెల్మెట్‌కు వెళ్ళే కాల్స్ ఆపే ఉన్నాయి. శుక్రవారం సాయంత్రం నేనే తెరిచాను. శనివారం పొద్దున అమ్మతో, నాలుగింటికి ఫోన్ చెయ్యి, ప్రధానం సంగతులన్నీ అప్పుడు తీరిగ్గా వింటాను అని చెప్పాను. ఉంగరం, చీర, తారీఖు, అంతవరకే చెబుతుందనుకున్నాను. నేను చెప్పలేనిది అమ్మ నోటితో నీకు తెలుస్తుందనుకున్నాను. బండి నడిపే మనిషి చెవిలో అట్లాంటి మాట పడితే ఏమవుతుందో ఆలోచించలేదు. ఐదు రోజులుగా అదొక్కటే ఆలోచిస్తున్నాను. పుస్తకం పదిహేడో పేజీలో, ఎవరూ ఎత్తకపోతే కాల్ దానంతటదే తెరుచుకుంటుందన్న వాక్యం కింద పెన్సిల్ గీత ఉంటుంది. పక్కన 14 నవంబర్ అని తారీఖు ఉంటుంది. ఇందాక సంతకం పెట్టాక, రబ్బరు తీసుకుని ఆ పేజీ తెరిచాను. చెరపలేదు.