వెండి అంచు మీద తాత పేరు

11-8-78, శుక్రవారం. పుంగనూరు.

తల బద్దలైపోతోంది. అంగడికి సరుకు తేవడానికి మదనపల్లెకు పోయి రెండు రోజులు ఇంట్లో లేకపోతే, అమ్మ మా తాత బీరు లోటాను నాశనం చేసి పెట్టింది.

ఊరగాయ జాడీలాంటి మట్టితో చేసిన లోటా అది. దాని అంచూ మూతా వెండివి. తాత కొలువు చేసిన దొర సీమకు పోతూ ఇచ్చిపోయాడు. తాత అందులో మంచినీళ్లు కూడా తాగలేదు. అయినా సారాయి పాత్ర అని అమ్మ దాన్ని ఏనాడూ వంటింటి గడప దాటనివ్వలేదు.

ఇప్పుడేమో కంసాలి ఆచారిని పిలిపించి ఆ వెండంతా ఊడదీయించి, వరలక్ష్మీ వ్రతానికి కుంకుమ భరిణె చేయించింది. మిగిలిన మట్టి లోటాలో సున్నం నానబెట్టింది!

"సారాయి పాత్ర వెండి అమ్మవారి ముందర పెడతావామ్మా?" అని అరిచాను.

"వెండికి మైల యాడుంటాదప్పా? మైలంతా మట్టికే. నిప్పులో కరిగినాక వెండి శుద్ధమే."

"ఆ అంచు మీద తాత పేరుండాది! దొర చెక్కించి ఇచ్చినాడు!"

భరిణె తుడుస్తున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది.

"ఆ గీతలు మా మామ పేరా?" అంది మెల్లగా. "మరి ఇన్నేండ్లూ నాకు యాల సెప్పలేదు? ఒక్కసారన్నా సదివి ఇనిపిచ్చినావా?"

అంగడికి వెళ్లిపోయాను. అయినా ఊడదీయించే ముందు నన్ను ఒక్క మాట అడగకూడదా...

ఈ ఇంట్లో ఇంగ్లీషు చదవడం వచ్చినవాణ్ని నేనొక్కణ్నే.