రెండో పెట్టెలో విప్లవం

జూలూరుపాడు,
2-2-1993.

తేనెటీగల పెంపకం ఆఫీసులో రాజుల ఏజెంటుగా కుదిరిన లిదియాకు,

నువ్వు ద్రోహివి! ఎనిమిదో తరగతిలో నీకు జమీందారీ రద్దు పాఠం చెప్పినవాణ్ణి నేను. ఇప్పుడు మా రైతు సంఘానికి నాలుగు పెట్టెలిచ్చి, "రాజాహారం తియ్యండి సారూ" అంటూ నా చేతే రాణి వంటశాల నడిపిస్తావా? రాజాహారమంటే, వేలమంది కష్టజీవులు తలలోంచి పాలు పిండి ఒక్క రాణి ఈగకు పోసేదట! మిగతా పిల్లలకు పుప్పొడి గంజి! ఆ పాలు అందరికీ సమానంగా పంచేదాకా నేను సీసా ముట్టను.

వంగని మెడతో,
బసవపున్నయ్య

తా.క.: ఆకలితో ఉన్న ఈగకు సిద్ధాంతం ఎక్కదని మా ఆవిడ రాఘవమ్మ పెట్టెల్లో పంచదార పానకం పోసింది. ఆవిడకు చైతన్యం తక్కువ. అన్నం పళ్లెం నేను కూర్చున్న చోటికే తెచ్చింది, ఆపుతున్నా.


ఖమ్మం,
5-2-1993.

బెత్తం దెబ్బ మరువని శిష్యురాలు సారు గారికి చేసే నమస్కారం.

సారూ, కోపం పక్కకు పెట్టి చదవండి. మొదటి మూడు రోజులు పిల్లలందరికీ ఆ పాలే. ఆ తర్వాత కూడా ఎవరికి పోస్తరో అదే రాణి అయితది. రాణికీ కూలీకీ గుడ్డు ఒకటే, తేడా అంతా తిండిలోనే. పెత్తనం రాణిది కాదు, తినిపించేటోళ్లది.

రాజాహారం పడాలంటే ఆరు నుంచి పన్నెండు రోజుల వయసు ఈగలు మస్తుగ ఉండాలె. పాలు ఊరేది వాటికే. పెట్టె కిక్కిరిసి ఉండాలె. పుప్పొడి, పానకం తక్కువ కావద్దు. రాణి కనబడకుంటే కొత్త రాణి కోసం గదులు కట్టి పాలు నింపుతయి. కానీ రాణిని తీసేది నేనొచ్చి చూపిస్త, మీరు ముట్టకండి. ఇరవయ్యో తారీఖుకు అరచెంచా అయినా చూపకపోతే పెట్టెలు వేంసూరు పంపమని పై ఆఫీసరు ఆర్డరు.

మీ లిదియా, ఫీల్డాఫీసరు

తా.క.: చైతన్యం సంగతేమో గాని, ఈగలు బతికున్నది ఆ పానకం పోసినామెతోనే.


జూలూరుపాడు,
9-2-1993.

బాలకార్మికుల చెమట తాగే అధికారిణికి,

ఆరు రోజుల పసికందులతో పాలు పిండిస్తారా? సిగ్గు లేదూ? మూడో పెట్టెలోని పసి ఈగలన్నిటినీ ఫ్రేముల మీంచి దులిపి, సెలవు ఇచ్చి రెండో పెట్టెకు పంపాను. ముట్టొద్దన్నావుగా, ఆ రెండో పెట్టె రాణిని పట్టి అగ్గిపెట్టెలో వేసి పదవి నుంచి దించాను. తర్వాత బహిరంగ సభ. శ్రోతలు పన్నెండు వేలు. నన్ను కుట్టింది ఏడుగురే. అభిప్రాయభేదాలు సహజం.

విజయంతో, కొంచెం వాపుతో,
బసవపున్నయ్య

తా.క.: "పసివాటితో పనా, పాపం" అన్న మాట మొదట రాఘవమ్మ నోట వచ్చింది. నా సాంగత్యం వృథా పోలేదు!


ఖమ్మం,
11-2-1993.

సారూ,

ఎంత పని చేసిండ్రు! రాణి లేకుంటే గుడ్లు పెట్టేదెవరు? కొత్త రాణి పుట్టి కుదురుకోకుంటే నెలన్నరలో పెట్టె ఖాళీ. ఇరవయ్యో తారీఖు జీపు తెస్తున్న. పెట్టెలకు తాళ్లు కట్టి ఉంచండి. నాకు ఏడుపొస్తుంది.

లిదియా

తా.క.: అగ్గిపెట్టెకు చిల్లులన్నా పొడిచిండ్రా?


జూలూరుపాడు,
13-2-1993.

అమ్మాయ్ లిదియా,

ప్రజలు నన్ను మోసం చేశారు. ఒక్క రాణిని దించితే పదకొండు రాణిగదులు కట్టారు! వేరుశనక్కాయల్లా వేలాడుతున్నాయి. ఒక్కోదాంట్లో వెన్నలాంటి తెల్లటి పాలు. పోస్తున్నదెవరనుకున్నావ్? నేను సెలవిచ్చిన పసివాళ్లే! రేపు పొద్దున అన్నీ పీకి పారేస్తా. తర్వాత పెట్టెలు పట్టుకుపో.

ఓడిన
బసవపున్నయ్య

తా.క.: రాఘవమ్మ "ముందు అన్నం తినండి" అంటోంది. తింటున్నా.


జూలూరుపాడు,
14-2-1993.

ఇంకా చూడని చెల్లె లిదియాకు, రాఘవమ్మ రాసేది.

ఈ సీసా బస్సు డ్రైవరు సవరయ్య చేత పంపుతున్న. తడిగుడ్డ విప్పకు. పదకొండు గదుల పాలు, అరచెంచాకు ఎక్కువే ఉంది. ఆయన లేవకముందే తీసిన.

నీ ఉత్తరాలు ముందు నా చేతికే వస్తయి. పాలు ఊరాలంటే ఏమేం కావాలో నాలుగుసార్లు చదువుకున్న. మా ఆయన చెయ్యమంటే చెయ్యడు, వద్దంటే ఆగడు. అందుకే పసివాటితో పనా అన్న. రాణిని దించేందుకు నేను నోరు తెరవనే లేదు, "ముట్టకండి" అని నువ్వే రాసినవు. అగ్గిపెట్టెకు చిల్లులు పొడిచి, తోడు నాలుగు ఈగలను వేసి, పానకం పెట్టింది నేనే. ఇయ్యాల రాణిని మళ్లీ ఇంటికి పంపిన. ఆయన లేచి, ఖాళీ గదులు చూసి, ప్రజలే రాజరికాన్ని రద్దు చేసుకున్నరని కరపత్రం రాస్తుండు.

కూర్చున్న చోటికే పళ్లెం అందుకునే రాణి మా ఇంట్ల ఇరవై రెండేండ్ల సంది ఉన్నది. పెత్తనం తినిపించేటోళ్లదని నువ్వు రాసినంక నాకు తెలివొచ్చింది. నా డిమాండ్లు:

1. పెట్టెలు వేంసూరు పోవద్దు.
2. నాలుగూ రాఘవమ్మ పేరు మీద రాయాలె.
3. ఇక ఉత్తరాలు నా పేరునే రావాలె.
4. ఖమ్మంల పది రోజుల ట్రైనింగుకు నన్ను పిలవాలె.
5. ఆ పది రోజులు బసవపున్నయ్య గారు పొయ్యి దగ్గరికి పోనే పోవద్దని ఆఫీసు ముద్ర కొట్టి ఆయనకు ఆర్డరు పంపాలె.