తాకొద్దన్న నాలుగు చుక్కలు

ప్రియమైన అన్నయ్యకి,

నాన్న పోయాక నీకు రాస్తున్న మొదటి ఉత్తరం. ఫోన్‌లో అయితే నాకు మాట తడబడుతుంది. వీడియోలు ఎడిట్ చేసే షాపులో పనికి కుదిరాను. పదేళ్లుగా నువ్వు చేస్తున్న పనే, నవ్వుకో. నిన్న ఒక పెళ్లి వీడియో చివర బొమ్మ మెల్లగా చీకటైపోవాలన్నారు. చివర్లో కీఫ్రేమ్ అనే గుర్తు చుక్క పెట్టి బొమ్మ వెలుగు సున్నా చేశాను. మొత్తం పెళ్లే చీకటైపోయింది. ఓనరు తల పట్టుకున్నాడు. ఎలా చేయాలో చెప్పు.

ఇంకొకటి. చివరి నెలలో నాన్న నా మాట ఎత్తాడా? ఏడాదిగా అడగాలనుకుంటూ అడగలేకపోయాను.

నీ చిట్టి

చిట్టీ,

కీఫ్రేమ్ ఒక్కటే పెడితే అదే మొత్తానికీ వర్తిస్తుంది. రెండు కావాలి. తగ్గడం మొదలయ్యే చోట ఒక చుక్క, వంద దగ్గర. పూర్తిగా పోవాల్సిన చోట ఇంకొకటి, సున్నా దగ్గర. మధ్యలోది కంప్యూటరే చూసుకుంటుంది. కుదుపు అనిపిస్తే రెండు చుక్కలకీ ఈజ్ పెట్టు, మార్పు నున్నగా సాగుతుంది. శబ్దానికీ ఇదే పద్ధతి.

అమ్మ కోసం నాన్న వీడియో చేశాను కదా, దాని ప్రాజెక్ట్ అంతా పెన్‌డ్రైవ్‌లో పంపుతున్నాను. చివర బొమ్మ చీకటయ్యే ఫేడ్ చూసి నేర్చుకో. మధ్యలో శబ్దం గీత మీద నాలుగు చుక్కలుంటాయి. వాటిని మాత్రం తాకకు.

నువ్వు అడిగినదానికి, ఆ నెలలో నాన్నకి మాట సరిగా లేదు.

మీ అన్నయ్య

అన్నయ్యా,

తాకాను. నాన్న గొంతుని సున్నాకి దించిన ఆ నాలుగు చుక్కలూ తీసేసి విన్నాను. నువ్వు సంగీతంతో కప్పేసిన ఆ పదకొండు సెకన్లలో నాన్న మంచం మీద కూర్చుని, "చిన్నదానికి కబురు పంపావా?" అన్నాడు. కెమెరా వెనక నుంచి నీ గొంతు, "పంపాను నాన్నా. రానంది."

నాకు ఎవరు కబురు పంపారు? ఆయన పోయిన మర్నాడు కదా నీ ఫోన్ వచ్చింది. ఇల్లు వదిలి వచ్చేటప్పుడు నేనన్న మాటలకి ఆయన మనసు విరిగిపోయిందనుకుని ఏడాది ఏడ్చాను. షాపులో ఆ ముక్క ఇరవైసార్లు విన్నాను. ఓనరు మంచినీళ్లు పెట్టి వెళ్లాడు.

ఎందుకు చేశావు?

చిట్టి

చిట్టీ,

చెప్పిన మాట వినే రకం కాదు నువ్వు. తాకొద్దంటే తాకుతావని తెలిసే అలా రాశాను. నోటితో చెప్పే ధైర్యం లేకపోయింది.

ఆరు నెలలు ఆయన్ని లేపి కూర్చోబెట్టింది నేను. నువ్వు గుమ్మంలో అడుగు పెడితే ఆయన కళ్లు నీ వెనకే తిరుగుతాయని కడుపు మండింది. రెండు రోజులు ఆగి చెబుదామనుకున్నాను. ఆయన ఆగలేదు. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. అమ్మకి నిన్న చెప్పేశాను. ఆవిడ నాతో మాట్లాడటం లేదు.

నా అబద్ధం తర్వాత నాన్న ఇంకో మాట అన్నాడు. అది వీడియోలో ఉంచితే నేను బతకలేననిపించి, కోసి దాచాను. ఆ ముక్క ఈ ఉత్తరంతో పంపుతున్నాను. దాని మీద ఒక్క చుక్క కూడా పెట్టలేదు. ఆయన అన్నది ఇదీ.

"రాకపోతే పోనీరా. అది వేళకి తింటోందో లేదో కనుక్కో."

ఆయన అడగమన్న ఏడాదికి అడుగుతున్నాను. వేళకి తింటున్నావా?

అన్నయ్య