పందొమ్మిదో సెకను

ఇందుమూలముగా సమస్త జనులకు తెలియజేయునదేమనగా: నా తాళాల కొట్టు ముందున్న స్టూలుకు ఒక కాలు అరంగుళం కురచయినందున, నేటి నుంచి దానిపై కూర్చునువారు కుడివైపునకు మాత్రమే ఒరిగి మాట్లాడవలెను. ఎడమవైపునకు ఒరిగి పడినచో యాజమాన్యం నవ్వును తప్ప లేపదు.

చెవులపిల్లీ, ఇక అసలు సంగతి. నిన్న మీ అమ్మ వచ్చి ఆ స్టూలు మీదే కూర్చుని, కుడివైపుకే ఒరిగి, గంటసేపు ఏడ్చింది. “పదేళ్ళయింది తమ్ముడూ, దానికో ఆఫీసు లేదు, ఓ కుర్చీ లేదు. నీ కూతురు ఏం చేస్తుందని అడిగితే ఏం చెప్పను?” అంది. “గాలి పట్టి అమ్ముతోందని చెప్పక్కా” అన్నాను. ఎందుకో ఏడుపు పెరిగింది.

సిమెంటు కంపెనీ వాళ్ళు తమ పత్రిక రాసిపెట్టడానికి పర్మనెంటు ఉద్యోగం ఇస్తామన్నారటగా? నెలాఖరులోగా జవాబు చెప్పాలటగా? సిమెంటు మీద ఏం రాస్తావే? నిన్న మెత్తగా ఉంది, ఇవాళ గట్టిపడింది. అంతేగా?

ఇట్లు,
నీ తాళాల మావయ్య

తా.క. అసలు నువ్వు చేసే పనేమిటో రెండు ముక్కల్లో రాయి. మూడో ముక్క నాకెక్కదు. ఏడో తరగతి మూడుసార్లు చదివినవాణ్ణి.

*

మావయ్యకి నమస్కారాలు.

రెండు ముక్కల్లో: వింటాను, వినిపిస్తాను. నాటకాలు, పాటలు, బొమ్మలు, ఊళ్ళో గొడవలు, మునిసిపాలిటీ నిర్ణయాలు, వీటి మీద అరగంట కార్యక్రమాలు సొంతంగా తయారుచేసి రేడియోకిస్తాను. ఒకటి అయిపోగానే మళ్ళీ ఇంకో తలుపు తట్టాలి. అమ్మ దిగులు అదే. కొన్నాళ్ళుగా నా దిగులూ అదే.

ఇప్పుడు చేస్తున్నది మీ వీధి చివరి నాటకాల హాలు గురించి. దాన్ని పడగొట్టి బండ్లు పెట్టుకునే చోటు చేస్తామంటున్నారు కదా. ఇది రేడియో ఎడిటరు గారికి నచ్చితే ఆరు భాగాల సిరీస్ ఇస్తారు, సిమెంటుకి దణ్ణం పెట్టేస్తాను. నచ్చకపోతే సిమెంటే.

మొన్న వచ్చి అందరి మాటలూ పట్టుకున్నాను గానీ ఒకటి మర్చిపోయాను. మా పనిలో ఎక్కడ రికార్డు చేసినా, అందరూ వెళ్ళాక ఆ గది నిశ్శబ్దాన్ని ఓ నిమిషం పట్టుకుంటాం. మాటకీ మాటకీ మధ్య అతుకు తెలియకుండా అదే వెయ్యాలి. ఏ గది నిశ్శబ్దం ఆ గదిదే. ఇంకో గదిది వేస్తే అది అబద్ధం కిందే లెక్క. టేపు రికార్డరు పార్సిల్లో పంపాను. ఎర్ర బొత్తాం నొక్కి ఒక్క నిమిషం కూర్చో మావయ్యా, చాలు.

ఉంటాను,
నీ చెవులపిల్లి

తా.క. కుర్రతనంలో నువ్వూ ఆ స్టేజీ ఎక్కావని అమ్మ చెప్పింది. ఆ ముచ్చటేదో చెప్పరాదూ?

*

మేనకోడలికి ఆశీస్సులు.

స్టేజీ లేదు గీజీ లేదు. మీ అమ్మకి మతిమరుపు.

నిశ్శబ్దం పంపుతున్నాను, అందుకో. వట్టి నిశ్శబ్దం పంపితే ఖాళీ టేపు అంటగట్టానని మీ ఎడిటరు గారు అనుకుంటారేమోనని, మొదట నేనెవరో చెప్పుకున్నాను. మధ్యలో “ఇంకా నిశ్శబ్దమే నడుస్తోంది” అని రెండుసార్లు గుర్తుచేశాను. చివర్లో ధన్యవాదాలు కూడా చెప్పాను. మర్యాదకేం లోటు చెయ్యలేదు.

ఇట్లు,
నిశ్శబ్దం సప్లయిదారు

తా.క. హాలు కాపలాదారు మధ్యలో దగ్గాడు. ఇదేం పనయ్యా అంటే, “ముప్ఫై ఏళ్ళుగా ఈ హాల్లో వినబడేది నా దగ్గొక్కటే. అది తీసేస్తే ఇంక హాలేముంది?” అన్నాడు. మాట బాగుందని తిట్టకుండా వదిలేశాను.

*

మావయ్యా,

అరవై సెకన్ల నిశ్శబ్దంలో నలభై ఎనిమిది సెకన్లు నీ మాటలే. మిగతా పన్నెండూ దగ్గు. ఈసారి ఒక్కడివే వెళ్ళు. నోరు మూసుకో. ప్రేమతోనే అంటున్నాను.

నీ చెవులపిల్లి

తా.క. “తాళంచెవి పోగొట్టుకున్నవారు మా కొట్టుకు దయచేయండి” అన్నావు చూడూ, నిశ్శబ్దంలో ప్రకటనలు కూడానా?

*

చెవులపిల్లికి,

మూసుకున్నాను. కానీ నేనొక్కణ్ణి మూసుకుంటే సరిపోతుందా? రేడియో వాళ్ళు నిశ్శబ్దం పట్టుకెళ్తున్నారని వీధంతా పాకింది. నలభై మంది వచ్చి కూర్చున్నారు. ఆ హాల్లో నలభై మంది కూర్చుని ఎన్నేళ్ళయిందో! రిటైరయిన లెక్కల మాస్టారయితే ఇంటి నుంచి కుర్చీ తెచ్చుకున్నాడు. బొత్తాం నొక్కగానే ఒకరినొకరు “ష్ష్” అనుకోవడం మొదలెట్టారు. నలభై మంది కలిసి ష్ష్ అంటే కుక్కరు పొయ్యి మీదున్నట్టుంది. మంగలికీ మాస్టారికీ జగడం కూడా అయింది. “నీకంటే ముందు నోరు మూసింది నేను” అంటాడు మంగలి. “అయితే ఇప్పుడెందుకు తెరిచావు?” అంటాడు మాస్టారు.

అందర్నీ వెళ్ళగొట్టి, లోపల గడియ పెట్టుకుని, ఒక్కణ్ణే కూర్చున్నాను. ఆ టేపు ఇందులో ఉంది. పనికొస్తే వాడుకో. అంతకన్నా రాయడానికేం లేదు.

మావయ్య

*

మావయ్యా! మావయ్యా!

పోయిన ఆదివారం ప్రసారమైంది. చివర్లో నీ నిశ్శబ్దం అరనిమిషం అలాగే వదిలేశాం, ఒక్క మాట లేకుండా. ఎడిటరు గారు కళ్ళు మూసుకుని వింది. “వందేళ్ళ నాటకాలు దాటి వచ్చిన నిశ్శబ్దమమ్మా ఇది” అంది. రేడియోకి కట్టలకొద్దీ ఉత్తరాలు. పడగొట్టే సంగతి మళ్ళీ ఆలోచిస్తామని మునిసిపాలిటీ ప్రకటించింది. ఆరు భాగాలూ నాకే! సిమెంటు కంపెనీకి రానని ఉత్తరం పొద్దున్నే పోస్టు చేశాను.

ఒక్కటే అనుమానం. సరిగ్గా పందొమ్మిదో సెకనులో చిన్న చప్పుడుంది. పావురమని ఎడిటరు గారు, పాత చెక్క కదిలిందని నేను. ఏమిటది?

నీ చెవులపిల్లి

తా.క. తాజాకలం లేకుండా నువ్వు ఉత్తరం రాయడం నా జన్మలో చూళ్ళేదు. ఒంట్లో బాగానే ఉందా?

*

పిచ్చిమొద్దూ,

పావురమూ కాదు, చెక్కా కాదు. కుళాయి! అసలది హాలే కాదు, మా ఇంటి స్నానాలగది. అంత దూరం మళ్ళీ ఎవడు నడుస్తాడని, తలుపేసుకుని బోర్లించిన బకెట్టు మీద కూర్చుని లాగించేశాను. మీ ఎడిటరు గారు కళ్ళు మూసుకుని విన్నది వందేళ్ళ నాటకాలని కాదు, మొన్న నేను వేయించిన టైల్సుని!

ఇట్లు,
స్నానాలగది కళాకారుడు

తా.క. బకెట్టు కూడా సంతకం పెడతానంటోంది. పెట్టించనా?

*

మావయ్యా,

నవ్వు రాలేదు.

నీ ఉత్తరం పట్టుకుని ఎడిటరు గారి దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ ఆ టేపు మళ్ళీ పెట్టి నిమిషమంతా వింది. ఆ నిశ్శబ్దం మాత్రం నాకు జన్మంతా గుర్తుంటుంది. చివరికి, “నువ్వొచ్చి చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. ఆదివారం ప్రసారంలో నీ గొంతుతోనే చెప్పు, అది హాలు కాదని. సిరీస్ సంగతి ఆ తర్వాత చూద్దాం” అంది.

చెబుతాను. ఇక సోమవారానికల్లా, హాలు పడగొట్టాలనే వాళ్ళ చేతికి గునపం నేనిచ్చినట్టే. నన్ను చూసి నవ్వితే ఫర్వాలేదు, ఆ హాలుని చూసి నవ్వుతారు. అమ్మ అన్నది నిజమే మావయ్యా, నాకు ఆఫీసు లేదు, కుర్చీ లేదు. నేను వినిపించింది నిజంగా అక్కడ విన్నదేనని జనానికో నమ్మకం ఉంది. పదేళ్ళలో నేను సంపాదించింది అదొక్కటే. దాన్ని నువ్వు బకెట్టు మీద కూర్చోబెట్టావు.

నీ మేనకోడలు

తా.క. ఏమీ లేదు.

*

ఇందుమూలముగా సమస్త జనులకు... వద్దులే.

అమ్మడూ, ఆదివారం లోపు నీకందాలని ఈ ఉత్తరం పొద్దుటి బస్సు డ్రైవరు చేతికే ఇస్తున్నాను. మీ ఎడిటరు గారికీ విడిగా ఒకటి రాసిచ్చాను.

మీ అమ్మకి మతిమరుపు లేదు. నాకు ఇరవై ఏళ్ళప్పుడు ఆ స్టేజీ ఎక్కాను. వార్తాహరుడి వేషం. ఒకే ఒక్క మాట: “ప్రభూ, కోట తలుపులు తెరుచుకున్నాయి.” తాళాలవాడి కొడుక్కి ఇంతకన్నా తగిన మాట దొరకదని మా నాన్న మురిసిపోయి మొదటి వరసలో కూర్చున్నాడు. వెళ్ళి నిలబడ్డాను. మాట రాలేదు. హాలంతా నిశ్శబ్దం. ఆ తర్వాత నవ్వు. మా నాన్న ఒక్కడే నవ్వలేదు, తల వంచుకున్నాడు. ఆ రోజు జనం నన్ను చూసి నవ్వారు. మర్నాటి నుంచి నేను నవ్వించినప్పుడే నవ్వనిచ్చాను. హాల్లో మాత్రం మళ్ళీ అడుగుపెట్టలేదు, నువ్వు పంపేదాకా.

మొదటిసారి ఎందుకు వాగానో, రెండోసారి జనాన్ని ఎందుకు రానిచ్చానో ఇప్పుడు తెలిసిందా? మూడోసారి తప్పలేదు. బొత్తాం నొక్కి ఎదురుగా ఉన్న మొదటి వరస వైపు చూశాను. పందొమ్మిదో సెకనుకి ఆ మాట గుర్తొచ్చింది. ముప్ఫై ఏళ్ళు ఆలస్యంగా.

నిమిషం అయ్యాక రికార్డరు ఆపేసి, స్టేజీ ఎక్కి, ఖాళీ కుర్చీలకి గట్టిగా చెప్పాను: “ప్రభూ, కోట తలుపులు తెరుచుకున్నాయి!” బయట నుంచి కాపలాదారు అరిచాడు, “ఎక్కడ తెరుచుకున్నాయి? లోపల గడియ పెట్టుకున్నావు, ముందు తియ్యి!”

ఆ చప్పుడేమిటని నువ్వు అడిగితే ఇదంతా రాయడానికి సిగ్గేసింది. కుళాయి అంటే నవ్వి ఊరుకుంటావనుకున్నాను. నీ పనిలో అబద్ధానికి అంత బరువుంటుందని తెలియదు. నా పనిలో అయితే తప్పుడు తాళంచెవి పెడితే తాళం తెరుచుకోదు, అంతే. నీ దాంట్లో తెరుచుకుంటుంది, అదీ ప్రమాదం.

సాక్ష్యం కావాలంటే హాలు రాకపోకల పుస్తకంలో ఆ రోజు పేజీ నకలు జతచేశాను. కాపలాదారు రాత: “తాళాలాయన. లోపలికి నాలుగున్నర. బయటికి ఆరు. కళ్ళు ఎర్రగా ఉన్నవి.” చివరి ముక్క అతన్నెవరూ రాయమనలేదు.

కనుక నువ్వు వినిపించింది హాలునే. స్నానాలగది, బకెట్టు, కుళాయి, టైల్సు, అన్నీ నేను పుట్టించినవే.

ఇట్లు,
నీ మావయ్య

తా.క. పందొమ్మిదో సెకనులో ఉన్నది నా ముక్కు. ఎడిటరు గారికి పావురమనే నచ్చితే ఉంచమను.