ఎడమ రెక్క మీద సూది

మార్చి 14, శుక్రవారం

పిచ్చుకా,

నువ్వు అడవి నుంచి పంపిన పెట్టె నిన్న చేరింది. సోమవారమే ఆ అడవి మీద విచారణ కాబట్టి ఇవాళే రాస్తున్నాను. ఫోనులో చెబితే నువ్వు ఏడుస్తావు, నేను మెత్తబడతాను.

జంతువులు పోతే వాటి పేడ పోతుంది, పేడ పోతే ముందు పెద్ద పేడపురుగులు పోతాయి. అడవిలో ఎంత ప్రాణం మిగిలిందో ఈ పురుగులే చెబుతాయి. ఇరవై అయిదు రకాలకు తగ్గితే పాడైన అడవి కింద రాసి, చెట్లు కొట్టడానికి అనుమతిస్తారు. నీ పెట్టెలో ముప్ఫై ఒకటి. ఆనందం పట్టలేక తాతయ్యను కేకేశాను.

"పేడలో దొర్లేదాన్ని చూసి ఇంత మురిసిపోతున్నావు, నన్నెప్పుడైనా అలా చూశావటే?" అన్నారు.

నవ్వుతూనే భూతద్దం తీశాను. మన పనిలో సూది కుడి రెక్కకే గుచ్చుతారు. పది రకాల పెద్ద పురుగులకు ఎడమ రెక్కకుంది. ఎడమచేతి వాటంతో అలా గుచ్చి, మ్యూజియంలో తిట్లు తిన్నది నేనొక్కదాన్నే. నువ్వు పుట్టకముందు మాట, నీకెవరూ చెప్పలేదు. అవి నా పెళ్లికి ముందు ఆ అడవిలోనే పట్టినవి. మ్యూజియం అరలోంచి తీసి, పట్టిన తేదీ రాసే చీటీలు మార్చావు.

ఎందుకో నాకు తెలుసు. పోయిన నెల "అమ్మమ్మా, అడవిలో చప్పుడే లేదు" అన్నావు. "వానలు పడనీ" అన్నాను.

తాతయ్య, "పురుగులు అబద్ధమైతే ఏం, చెట్లు నిజమే కదే, సంతకం పెట్టెయ్" అన్నారు. రిటైరయినా పురుగుల లెక్క మీద ఆఖరి సంతకం నాదే కదా. కలం మూత తీశాను. పెడితే చెట్లు నిలుస్తాయి. కానీ లేనివి ఉన్నాయని రాస్తే, జంతువులేమయ్యాయని ఇక ఎవరూ అడగరు. పేడతో పాటు విత్తనాన్ని నేలలోకి దింపేవాళ్లుండరు. ఆ చెట్లు ముసలివై పడిపోతాయి, వెనక మొలక ఉండదు. నేను సంతకం పెట్టను.

ఈ ఉత్తరాన్నీ పెట్టెనీ తాతయ్య చేతే పంపుతున్నాను. జరగాల్సినవి:

1. ఆ పదింటికీ పాత చీటీలు పెట్టు. పారేసి ఉండవు, నా మనవరాలివి.
2. చీటీలు మార్చానని విచారణకు ముందే మ్యూజియం డైరెక్టరుకు చెప్పు. ఉద్యోగం పోవచ్చు.
3. సోమవారం అప్పటి పురుగులు ఒక పెట్టెలో, ఇప్పటివి ఒక పెట్టెలో బల్ల మీద పెట్టు. ఇరవై ఒకటే అని నీ నోటితో చెప్పు.
4. అనుమతి ఇచ్చేస్తారనే నా అంచనా. రంపాలు వచ్చేలోపు నన్ను అక్కడికి తీసుకెళ్లు. నా మోకాళ్ల నొప్పుల మాట ఎత్తకు.

నీ అమ్మమ్మ