రెండో తాళంచెవి

మే 6
ఫిజాక్ దగ్గర ఒక పల్లె, ఫ్రాన్స్

ప్రియమైన శ్యామ్‌కి,

ఫొటోలు పంపితే చూడనన్నావు. ఫొటోలో ఎత్తూ తెలియదు, ఎదురుగాలీ తెలియదు, కూర్చుని ఉత్తరం రాయమన్నావు. అందుకే ఫోన్లో వేళ్లు నొప్పెట్టేలా తెలుగు టైపు చేసి మెయిల్ పెడుతున్నాను.

నువ్వు మూడేళ్లు గీసి చెరిపి గీసిన దారిలో ఈరోజు యాభై నాలుగు కిలోమీటర్లు తొక్కాను. మ్యాపులో తెల్లగీతలుగా ఉన్న రోడ్లే పట్టుకోమన్నావు. సింగపూర్‌లో ఫ్లాటు దాటకుండా ఇదంతా ఎలా పసిగట్టావో గానీ, పొద్దుటి నుంచి నాకు ఎదురైనవి మూడు కార్లు, ఒక ట్రాక్టరు. ఆ ట్రాక్టరు కూడా నాకు దారిచ్చి పక్కకి ఆగింది. అక్కడ మనం తొక్కే లిమ్ చు కాంగ్‌లో తెల్లవారుజామున కూడా లారీలు మన మోచేతులు రాసుకుంటూ పోతాయి కదా, ఇక్కడ నా చైను చప్పుడు నాకే వినపడుతోంది. రోడ్డు పక్కన అక్రోటు తోటలు, వాటి వెనక మనుషుల్లేనట్టుండే రాతి ఇళ్లు. మధ్యాహ్నం రెండు గంటలపాటు కొట్లన్నీ మూసేశారు. నీళ్లు అయిపోతే ఊరి శ్మశానంలో కుళాయి ఉంటుందని రాశావు. సిగ్గుపడుతూనే గేటు తీసి వెళ్లి సీసా నింపుకున్నాను.

ఇద్దరం కలిసి పెట్టిన సెలవు ఇది. నువ్వు కాలిన కాలితో అక్కడ, నేను ఇక్కడ. వద్దంటే తరిమి తరిమి పంపావు.

పంతొమ్మిదో తేదీ విచారణ గురించి బెంగపడకు. వేడినీటి పైపు విప్పి పని చేస్తున్నవాడు వాల్వుకి వేసిన తన తాళం తానే తీసేసి మరిచిపోయాడంటే ఎవరు నమ్ముతారు? జురాంగ్ ఐలాండ్‌లో మన ప్లాంటులో పదహారేళ్ల సర్వీసు నీది.

నీ
మహీధర్


మే 8
సెంబవాంగ్, సింగపూర్

ఒరే మహీ,

నీ ఉత్తరం అరుణ పైకి చదివింది, నేను కళ్లు మూసుకుని నీతోపాటు తొక్కాను. దీక్షిత విని, "అంకుల్ సో లక్కీ లా" అని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. అక్టోబరులో దానికి ఓ-లెవెల్ పరీక్షలు, మన పదో తరగతి లాంటివి. కాకినాడ వెళ్లిపోతే మళ్లీ ఏ క్లాసులో కూర్చోబెడతారని నిన్న వాళ్లమ్మని అడిగింది. నన్ను అడగలేదు.

విచారణ కమిటీ నుంచి కబురొచ్చింది. తాళం ఎవరూ పగలగొట్టలేదట, తాళంచెవితోనే తీశారట. మనిషికి ఒక తాళం, దానికి ఒకటే తాళంచెవి, అది ఆ మనిషి జేబులో. నాది నా జేబులోనే దొరికింది కాబట్టి తీసింది నేనేనని వాళ్లు తేల్చుకున్నారు. తాళం కనపడక, పని అయిపోయిందనుకుని ఆపరేటర్ వాల్వు తెరిచాడు. ఆ కుర్రాడి తప్పేం లేదు. తప్పు నాదని పంతొమ్మిదో తేదీ సోమవారం సంతకమైతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో వర్క్ పాస్ పోతుంది, ముప్పై రోజుల్లో దేశం విడవాలి.

వాళ్లకి తెలియని సంగతి మనిద్దరికే తెలుసు. శుక్రవారాలు త్వరగా సైకిళ్లెక్కాలని, ఎవడి పని ముందైతే వాడు ఇద్దరి తాళాలూ తీసి కాగితాలు ముగించేలా మనం రెండో తాళంచెవులు చేయించుకున్నాం. నాది నీ దగ్గర, నీది నా దగ్గర. నేనిచ్చింది జనవరిలోనే పోయిందని ఆస్పత్రిలో చెప్పావు. ఎక్కడ పోయిందో ఇంకోసారి రాయి. కమిటీకి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.

ఎల్లుండి దారిలో చర్చి దాటాక ఎడమకి తిరుగు. అక్కడి నుంచి ఇరవై రెండు కిలోమీటర్లు ఒక్క ఊరు తగలదు. ఆ దారి ఎలా ఉందో వివరంగా రాయి.

శ్యామ్


మే 10

ప్రియమైన శ్యామ్‌కి,

నువ్వు చెప్పిన మలుపే తిరిగాను. గుట్ట మీదికి ఎక్కినకొద్దీ సున్నపురాయి గోడలు, పొట్టి ఓక్ చెట్లు, ఎక్కడో గొర్రెల మెడలో గంటలు. ఇరవై రెండు కిలోమీటర్లలో ఒక్క మనిషి కనపడలేదు. నువ్వయితే ఇదే స్వర్గం అనేవాడివి. నాకు మాత్రం ఎప్పుడు ఊరొస్తుందా అనిపించింది. రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను, ఎవరూ లేరు. దిగుడులో బ్రేకులు మరీ గట్టిగా పట్టేసి అరచేయి బొబ్బలెక్కింది.

తాళంచెవి సంగతి. సెంబవాంగ్ పార్కు దగ్గర టైరు మార్చేటప్పుడు సీటు కింద సంచిలోంచి జారిపోయి ఉండాలి. జనవరి మొదటివారం అనుకుంటాను. అది ఎవరికో దొరికి ప్లాంటు దాకా వచ్చే అవకాశమే లేదు కదా, ఇప్పుడు దాని గురించి కమిటీకి చెప్పి నువ్వు సాధించేదేమిటి? నకలు చేయించినందుకు ఇంకో తప్పు నెత్తిన పడుతుంది. తాళం పాతబడిపోయిందని, సరిగా పడకుండా ఊడిపోయి ఉంటుందని చెప్పు. పాత తాళాల మీద ఇదివరకు ఫిర్యాదులున్నాయి. నేను కూడా మెయిల్లో సాక్ష్యం రాసిస్తాను.

ఇంకో మాట. ఇక్కడ వానలు పడేలా ఉన్నాయి, దారి పూర్తికావడానికి ఇంకో వారం పట్టొచ్చు. టికెట్టు ఇరవై నాలుగుకి మార్చుకున్నాను. విచారణ రోజున పక్కన ఉండలేకపోతున్నందుకు ఏమీ అనుకోకు.

నీ
మహీధర్


మే 12
సెంబవాంగ్

మహీధర్,

ఆస్పత్రిలో చాంగీ అన్నావు. ఫెర్రీ రేవు దగ్గర కొబ్బరినీళ్లు తాగుతూ సంచి తెరిచినప్పుడు పడిపోయిందన్నావు. ఇప్పుడు సెంబవాంగ్ పార్కు, టైరు.

మందులు వేసుకుని మత్తులో ఉన్నానని అనుకుని ఉంటావు. నాకు అన్నీ గుర్తున్నాయి.

కట్టు విప్పారు. పాదం చీలమండ దగ్గర వంగడం లేదు, ఇక వంగదన్నారు. సైకిల్ మాట నేను అడగలేదు, డాక్టరే ముందు చెప్పేశాడు. నా సైకిల్ అమ్మకానికి పెట్టమని అరుణతో అన్నాను.

తాళం పాతదని నేను చెప్పను. దాన్ని నెలనెలా నేనే పరీక్షించి సంతకం పెట్టాను. నా వాంగ్మూలం శనివారం మధ్యాహ్నం ఒంటిగంటలోగా ఇవ్వాలి.

టికెట్టు మార్చుకోవడం నీ ఇష్టం.

శ్యాంసుందర్


మే 16
కాహోర్

శ్యామ్,

నాలుగు రోజులుగా నేను దారి తొక్కలేదు. వానా పడలేదు. ఈ హోటల్ గదిలో కూర్చుని నీ ఉత్తరం చదువుతూనే ఉన్నాను.

నీ తాళం తీసింది నేను.

ఆరోజు శుక్రవారం. ఐదు నిమిషాల్లో అయిపోతుందని నువ్వు మూడున్నరకి అన్నావు. నాలుగు దాటాక నా తాళం తియ్యడానికి వచ్చాను. నీ టూల్‌బాగ్ అక్కడ లేదు, బట్టలు మార్చుకోవడానికి వెళ్లిపోయావనుకున్నాను. కిందికి తొంగి చూడలేదు. వంగి చూడటానికి పట్టేది ఒక్క నిమిషం. నా తాళంతోపాటు నీదీ తీసి కాగితం మీద ముగిసినట్టు టిక్కు పెట్టి, సైకిల్ దగ్గరికి నడిచాను. టైర్లలో గాలి కొడుతుండగా సైరన్ వినపడింది.

తాళంచెవి ఎక్కడా పోలేదు. ఆ సాయంత్రమే సముద్రంలో పారేశాను.

ఇంట్లో రజితకి కూడా చెప్పలేదు. ఎన్నోసార్లు చెబుదామని నీ ఫ్లాటుకి వచ్చాను. అరుణక్క టీ ఇచ్చేది, దీక్షిత సైకిల్ కబుర్లు అడిగేది, చెప్పకుండానే లేచి వచ్చేసేవాణ్ణి. నువ్వు ఫ్రాన్స్ వెళ్లమన్నప్పుడు నీ ముఖం చూడక్కర్లేదని ఒప్పుకున్నాను. అదీ నిజం.

ఇప్పుడు నన్నేం చెయ్యమంటావో చెప్పు. కమిటీకి నా పేరు చెప్పమంటే చెబుతాను. నువ్వు ఊఁ అను, చాలు.

మహీ


మే 17, శనివారం
సెంబవాంగ్

ఒరే మహీ,

నన్ను ఊఁ అనమంటున్నావా? నీ ఇంటిని రోడ్డు మీద పెట్టే మాట కూడా నా నోటితోనే రావాలా? అది నీ పని. నేను చెయ్యను.

నువ్వేదో కొత్త సంగతి చెప్పానని అనుకోకు. నాకు మొదటిరోజు నుంచే తెలుసు. నేను వాల్వు దగ్గరి ఇనపజాలీ నేల కింద పడుకుని బోల్టులు బిగిస్తున్నాను. టూల్‌బాగ్ నా తల కింద ఉంది. పైన వాల్వు దగ్గరికి నీ బూట్లు వచ్చి ఆగాయి. పిలుద్దామని నోరు తెరిచాను. నువ్వే కదా, నా తాళం ఉందో లేదో చూసుకుని పోతున్నావులే అనుకుని ఊరుకున్నాను. ఇంకెవడి బూట్లయి ఉంటే అరిచి ఉండేవాణ్ణి. ఆ సంగతి అరుణకి కూడా ఇప్పటిదాకా చెప్పుకోలేకపోయాను.

తాళం తీసినందుకు నీ మీద కోపం లేదురా. అది నేను నీ చేతిలో పెట్టిన తాళంచెవే. కానీ నెల రోజులు నా మంచం పక్కన కూర్చుని, నాకు ముద్దలు కలిపి తినిపిస్తూ, ఎవడు తీశాడో వాడు దొరికితే వదలనన్నావు చూడు, దానికి నీ మీద అసహ్యం వేసింది. నీ ముఖం నా ముందు లేకుండా చెయ్యాలనే ఫ్రాన్స్ పంపాను. ఎవరూ లేని దారిలో నీకు నువ్వే తోడుంటే చెబుతావేమోనని కూడా పంపాను. రెండూ నిజమే.

వాంగ్మూలం ఇచ్చేశాను. నీ ఉత్తరం పొద్దున్నే చూశాను గానీ అందులో ఒక్క అక్షరం మార్చలేదు. నా తాళానికి రెండో తాళంచెవి చేయించానని, అది రూలుకి విరుద్ధమని తెలిసే చేయించానని రాశాను. ఎవరికిచ్చావన్న చోట ఖాళీ వదిలేశాను. ఆ మనిషే సోమవారం తొమ్మిదింటికి వచ్చి తన పేరు చెబుతాడని కింద రాసి సంతకం పెట్టాను.

నువ్వు రాకపోతే వాళ్లు నన్ను అబద్ధాలకోరు అంటారు. తెలిసే పెట్టాను ఆ సంతకం.

శ్యామ్


మే 17, సాయంత్రం
టూలూజ్

శ్యామ్,

కాహోర్ స్టేషన్‌లో ఉండగా నీ ఉత్తరం వచ్చింది. సైకిల్ అప్పటికే హోటల్లో వదిలేసి వచ్చాను, రైలెక్కాను. రైల్లోనే కమిటీకి మెయిల్ రాసి పంపాను. నీకూ కాపీ పెట్టాను. ఖాళీలో ఉండాల్సిన పేరు మొదటి వాక్యంలోనే ఉంది. ఆ తర్వాత శుక్రవారం నాలుగు గంటలకి ఏం జరిగిందో పూర్తిగా ఉంది. దాచినది ఏమీ లేదు.

రజితకి ఫోన్ చేసి చెప్పాను. మన పాస్ కూడా పోతుందని చెప్పాను. "శ్యామన్నయ్యకి ముందే తెలుసా?" అని అడిగింది. తెలుసన్నాను. "తెలిసే నీతో మాట్లాడుతున్నాడా ఇన్నాళ్లూ" అని ఏడ్చింది. మళ్లీ తేరుకుని, ఫ్లాటు ఏ తారీకుకి ఖాళీ చెయ్యాల్సి ఉంటుందని అడిగింది.

సోమవారం ఉదయం ఆరుంబావుకి దిగుతాను. ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా ప్లాంటుకే. గేటు దగ్గర నాతో మాట్లాడక్కర్లేదు, నా వైపు చూడక్కర్లేదు. లోపలికి మాత్రం నన్ను ముందు వెళ్లనివ్వు.

మహీధర్